రీసెట్ నొక్కే ముందు

(భీమవరంలో ఒక ఆదివారం డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే.

ఈ టేబుల్ మీదున్న డబ్బాకి ఇందాక మీరు టీ తాగుతున్నప్పుడే స్విచ్ వేశాను. దాని పక్కన నా ఫోను పెట్టాను. రెండింటినీ ఎవరూ ముట్టుకోకండి, చివర్లో వాటితో పనుంది.

ఈ డబ్బా మా పెదనాన్న రొయ్యల చెరువు గట్టు మీద ఉండేది. లోపల ఏటీమెగా328పీ చిప్ ఉన్న ఆర్డుయినో బోర్డు, మెసేజ్‌లు పంపే సిమ్800ఎల్ మాడ్యూల్ ఒకటి, బోర్డు చెప్పినప్పుడు స్విచ్ వేసే రిలే ఒకటి ఉన్నాయి. మూడు ఫేజుల్లో ఏది పోయినా ఫోనుకి మెసేజ్ పంపాలి. కరెంటు తిరిగొచ్చాక, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల స్టార్టర్ మళ్ళీ వేయాలి. అంతే దాని పని. నేను డిప్లొమా చదువుతున్నప్పుడు కట్టాను.

మీలో చాలామంది ఇళ్ళల్లో చెరువులున్నాయి కాబట్టి రాత్రి సంగతి మీకు చెప్పక్కర్లేదు. పగలు నీళ్ళలో ఉన్న ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక తయారీ ఆగిపోతుంది. అప్పుడు రొయ్యతో పాటు ప్లాంక్టన్ కూడా అదే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే కిందికి పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాములు తగ్గకుండా చూసుకుంటాం. వెనామీ రకం రొయ్యకి మన దేశంలో 2009లో అనుమతి వచ్చాక చెరువులో రొయ్యపిల్ల ఒత్తుగా వేయడం మొదలైంది. ఒత్తుగా వేసిన చెరువులో ఆ వేళకి ఏరియేటర్లు ఆగిపోతే జనరేటర్ వేయడానికి దొరికే టైం చాలా తక్కువ. గట్టు మీద కాపలా ఉండే మనిషికి ఆ వేళకే నిద్ర ముంచుకొస్తుంది. అందుకే ఈ డబ్బా.

పిల్ల వేసిన రోజునే ఆన్ చేశాను. నెలన్నర పాటు ఒక్క తప్పు లేదు. అరగంటకోసారి "అంతా బాగుంది" అని మెసేజ్, ఫేజు పోతే వెంటనే ఇంకో మెసేజ్. ఊళ్ళో నలుగురు వచ్చి చూసి, మాకూ కట్టిపెట్టమన్నారు.

50వ రోజు రాత్రి నా ఫోను మోగడం మొదలైంది. "అంతా బాగుంది", "అంతా బాగుంది", "అంతా బాగుంది". ఆరేడు సెకన్లకొకటి చొప్పున ఇరవై నిమిషాల పైన వచ్చాయి. రెండు వందలు దాటాయి. నేను బండేసుకుని చెరువు దగ్గరికి వెళ్ళేసరికి ఆగిపోయాయి. బోర్డు మీద లైట్లన్నీ మామూలుగానే వెలుగుతున్నాయి. నెట్‌వర్క్ గోల అనుకుని, ఎందుకైనా మంచిదని రీసెట్ నొక్కి ఇంటికొచ్చాను.

ఆ ఒక్క నొక్కుడుతో ఏం పోగొట్టుకున్నానో నాకు పూర్తిగా తెలియడానికి మరో 49 రోజుల పైనే పట్టింది.

ముందు నష్టం సంగతి చెబుతాను. ఆ రెండు వందల మెసేజ్‌లతో సిమ్‌లో ప్యాక్ అయిపోయింది. అది నాకు తెలియలేదు. రోజుకి 48 సార్లు "అంతా బాగుంది" అని వస్తుంటే ఎవరు చూస్తారు? మేం చూడటం ఎప్పుడో మానేశాం. రావడం ఆగిపోయినా గమనించలేదు. మూడో రాత్రి నాలుగింటికి ఒక ఫేజు పోయింది, ఏరియేటర్లు ఆగాయి. డబ్బా మెసేజ్ పంపబోయింది, అది వెళ్ళలేదు. తెల్లారేసరికి రొయ్య గట్టు వారకి తేలింది. ఆ చెరువులో సగం పైన పోయింది. మిగిలినది 100 కౌంట్ దగ్గరే, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజులోనే, పట్టేశారు.

మా పెదనాన్న నన్ను తిట్టలేదు. "కరెంటు పోవడం నీ చేతిలో లేదురా అబ్బాయ్. అది పోయిందని ఇది ఎందుకు చెప్పలేదో చూడు" అన్నారు. ఆ మాట నాకు ఇవాళ్టికీ పనికొస్తోంది.

అప్పుడు మొదటిసారి కూర్చుని ఆలోచించాను. ఆ రాత్రి బోర్డు లోపల ఏ వేరియబుల్‌లో ఏ సంఖ్య ఉంది? ప్రోగ్రాం ఏ లైను దగ్గర ఉంది? బోర్డు ఎంతసేపటి నుంచి నడుస్తోంది? ఇవన్నీ ర్యామ్‌లో ఉన్నాయి. ఈ చిప్‌కి ఉన్నదే 2 కిలోబైట్ల ర్యామ్. రీసెట్‌తో ప్రోగ్రాం మొదటికొచ్చి అందులో ఉన్నదంతా మళ్ళీ రాసేసుకుంది. కౌంటర్ సున్నాకి వచ్చింది. ఆధారాలన్నీ నా వేలితో నేనే చెరిపేశాను.

పక్క చెరువు మీదికి డబ్బా మార్చాం. ఈసారి కోడ్‌లో ఏమీ "సరిచేయలేదు". ఒక్కటే చేర్చాను. ప్రతి మెసేజ్ చివర, బోర్డు ఆన్ అయి ఎన్ని మిల్లీసెకన్లయిందో ఆ సంఖ్య. ఆర్డుయినోలో మిల్లీస్ అనే ఫంక్షన్ ఇచ్చే సంఖ్యే అది. 49 రోజుల తర్వాత మళ్ళీ ఫోను మోగింది. ఈసారి మెసేజ్‌ల చివర సంఖ్యలున్నాయి. 429 కోట్ల 36 లక్షల చిల్లరతో మొదలయ్యాయి, పెరుగుతూ పెరుగుతూ 429 కోట్ల 49 లక్షల దాకా వెళ్ళాయి. అక్కడ వరద ఆగింది. అరగంట తర్వాత వచ్చిన మెసేజ్‌లో సంఖ్య చాలా చిన్నది.

మీలో కొందరికి ఇప్పటికే వెలిగి ఉంటుంది. 32 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 429,49,67,295. ఆ తర్వాత మిల్లీసెకను మళ్ళీ సున్నా. దాన్ని రోజుల్లోకి మారిస్తే 49 రోజుల 17 గంటలు. నేను రాసిన లైను ఇది: "ఇప్పటి టైముకి అరగంట కలిపి, తర్వాతి మెసేజ్ టైముగా పెట్టుకో. ఇప్పటి టైము దాన్ని దాటితే మెసేజ్ పంపు." కౌంటర్ చివరి అరగంటలో ఉన్నప్పుడు దానికి అరగంట కలిపితే సంఖ్య పొంగిపోయి చిన్నదైపోతుంది. ఇప్పటి టైమేమో 429 కోట్లు, తర్వాతి టైమేమో కొన్ని లక్షలు. కాబట్టి ఎప్పుడు చూసినా "దాటింది" అనే జవాబు. మెసేజ్ పంపు, మళ్ళీ పంపు, మళ్ళీ పంపు. కౌంటర్ సున్నాకి రాగానే అంతా దానంతటదే సర్దుకుంటుంది. నేను గట్టు మీదికి వెళ్ళేసరికి బోర్డు మామూలుగా ఎందుకుందో అర్థమైందా?

దీని మందు చిన్నది. పోల్చే ముందు తీసివేయాలి. "ఇప్పటి టైములోంచి చివరిసారి పంపిన టైము తీసెయ్, వచ్చిన తేడా అరగంట దాటితే పంపు." కౌంటర్ తిరగబడ్డా ఈ తేడా సరిగ్గానే వస్తుంది. ఎందుకు వస్తుందో నాకు పుస్తకం చదివితే ఎక్కలేదు, మా ఇంట్లో పంచాంగం చూస్తే ఎక్కింది. మన తెలుగు సంవత్సరాలు 60. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్ళీ ప్రభవ. క్రోధన 59వది, విభవ 2వది. క్రోధనలో పుట్టిన పాపకి విభవ వచ్చేసరికి ఎన్నేళ్ళు? 2 కంటే 59 పెద్దది కాబట్టి పాప ఇంకా పుట్టలేదని ఎవరూ అనరు. క్రోధన నుంచి అక్షయ, ప్రభవ, విభవ అని వేళ్ళ మీద లెక్కపెట్టి మూడేళ్ళంటాం. గుర్తు లేని పూర్ణసంఖ్యల తీసివేత చిప్ లోపల అచ్చం అలాగే జరుగుతుంది. ఒక్క జాగ్రత్త. ఆ వేరియబుళ్ళు అన్‌సైన్డ్ లాంగ్, అంటే గుర్తు లేని 32 బిట్ల రకం, అయి ఉండాలి. ఈ చిప్‌లో ఇంట్ అంటే 16 బిట్లే, 32,767 దాకానే పడుతుంది. అందులో మిల్లీసెకన్లు పెడితే 33 సెకన్లు కూడా నిలవదు.

సరే, సరిచేశాం. సరైందని ఎలా తెలుస్తుంది? మరో 49 రోజులు ఆగాలా? అక్కర్లేదు. కోడ్‌లో మిల్లీస్‌ని నేరుగా పిలవకుండా, దానికి ఒక సంఖ్య కలిపి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాసుకోండి. పరీక్షించేటప్పుడు ఆ సంఖ్యని 429 కోట్ల చిల్లర దగ్గర పెడితే, ఆన్ చేసిన కొన్ని నిమిషాలకే కౌంటర్ తిరగబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ముందు పాత కోడ్‌తో అలా పరీక్షించి తప్పుని కళ్ళారా చూడాలి. తర్వాతే కొత్త కోడ్ వేయాలి. తప్పుని మనం అనుకున్నప్పుడు రప్పించలేకపోతే, అది పోయిందని చెప్పే హక్కు మనకి లేదు.

ఇది చదువుకునే పిల్లలు మాత్రమే చేసే తప్పు అనుకోకండి. విండోస్ 95 సరిగ్గా ఇలాగే 49.7 రోజులకి బిగుసుకుపోయేది. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ బోయింగ్ 787 విమానాల గురించి ఒక ఆదేశం ఇచ్చింది. ఆపకుండా 248 రోజులు కరెంటులో ఉంచితే లోపల ఒక సాఫ్ట్‌వేర్ కౌంటర్ నిండిపోయి జనరేటర్ల కంట్రోల్ యూనిట్లు ఆగిపోగలవు, కాబట్టి ఆలోపే ఆపి మళ్ళీ ఆన్ చేయండి అని. సెకనులో నూరో వంతుల్ని 31 బిట్లలో లెక్కపెడితే ఎన్ని రోజులొస్తాయో ఇంటికెళ్ళి చూడండి.

ఇప్పుడు రెండో సంగతి. ఇది కోడ్‌లో తప్పు కాదు, కానీ నేను వారం రోజులు కోడ్‌లోనే వెతికాను.

స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టర్ పడినప్పుడు, నాలుగైదు సార్లకి ఒకసారి, బోర్డు రీస్టార్ట్ అయ్యేది. ఇంట్లో టేబుల్ మీద ఎన్నిసార్లు చూసినా బాగానే ఉండేది. టేబుల్ మీద రిలేకి నేను తగిలించింది 60 వాట్ల బల్బు. చెరువు దగ్గర ఉన్నది కాంటాక్టర్ కాయిల్. చివరికి పాత కాంటాక్టర్ ఒకటి మోటార్ వైండింగ్ షాపులో అడిగి తెచ్చుకుని టేబుల్ మీద పెట్టాను. బల్బుతో 200 సార్లు వేసి తీస్తే ఒక్కసారీ రీస్టార్ట్ కాలేదు. కాయిల్‌తో పదిసార్లకే రెండుసార్లు అయింది. వారం రోజుల చిక్కుముడి ఒక్క మధ్యాహ్నంలో విడిపోయింది. ఒకసారికి ఒక్కటే మార్చాను, అందుకే.

కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా తెగితే అది ఊరుకోదు, పెద్ద వోల్టేజీని ఎదురు తోస్తుంది. రిలే పాయింట్ల మధ్య నిప్పురవ్వ లేస్తుంది, ఆ అలజడి పక్కనున్న వైర్లన్నిట్లోకీ దూకుతుంది. బోర్డు మీద చిన్న రిలే కాయిల్ డీసీ కాబట్టి దానికి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ పెడితే చాలు, అది నేను పెట్టాను. కాంటాక్టర్ కాయిల్ ఏసీ. దాని మీద ఒంటి డయోడ్ పెట్టకూడదు. అక్కడ 100 ఓంల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి కాయిల్‌కి అడ్డంగా పెట్టాలి. కెపాసిటర్ ఆ కాయిల్ వోల్టేజీకి తగిన ఏసీ రేటింగ్ ఉన్నదే కావాలి. స్టార్టర్ డబ్బా తెరిచే ముందు మెయిన్ తీసెయ్యండి, తీసేశాక టెస్టర్‌తో చూడండి. తడి గట్టు మీద చెప్పులు లేకుండా నిలబడి 415 వోల్టులతో ఆడుకున్నవాళ్ళని నేను చూశాను. దయచేసి అలా చేయకండి.

ఇంకొకటి కూడా అక్కడే దొరికింది. లాప్‌టాప్ తగిలిస్తే డబ్బా బాగా పనిచేస్తుంది, తీసేస్తే మెసేజ్ పంపేటప్పుడు ఆగిపోతుంది. మీకెప్పుడైనా ఇలా జరిగితే మొదట పవర్‌ని అనుమానించండి. యూఎస్‌బీ వైరులోంచి బోర్డుకి అదనంగా కరెంటు అందుతోందన్నమాట. సిమ్800ఎల్ సిగ్నల్ పంపేటప్పుడు 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది. ఒక్కో గుంజుడు 577 మైక్రోసెకన్లే. మల్టీమీటర్ ఆ కాస్త సేపట్లో పట్టుకోలేదు, సగటు చూపించి "4 వోల్టులు, భేషుగ్గా ఉంది" అంటుంది. ఆసిలోస్కోప్ పెడితే వోల్టేజీలో గోతులు కనబడతాయి. మాడ్యూల్ కాళ్ళకి ఆనించి 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని దాకా లావు వైరు, పొట్టి వైరు. అంతే.

సగటు అన్నాను కదా, దాని మీద నాకు ఇంకా కోపం ఉంది. మరుసటి పంటకి నీటి వేడి చూడటానికి డీఎస్18బీ20 సెన్సర్ పెట్టాను. పది రీడింగులు తీసి సగటు పంపేలా రాశాను. అప్పుడప్పుడు 34.6 డిగ్రీలు అని వచ్చేది. ఎండాకాలం కదా, నిజమే అనుకుని పెదనాన్న నీళ్ళు మార్పించారు కూడా. విడివిడిగా రీడింగులు చూస్తే తొమ్మిది 29, ఒకటి 85. ఆ సెన్సర్‌కి పవర్ వచ్చిన కొత్తలో లోపల ఉండే సంఖ్య 85. కొలత పూర్తి కావడానికి 12 బిట్లలో 750 మిల్లీసెకన్లు కావాలి. ఆలోపు చదివినా, మధ్యలో వైరు జాయింటు ఒక్క క్షణం వదిలినా 85 వస్తుంది. 85 డిగ్రీల నీళ్ళలో రొయ్య ఉడికిపోతుంది, అది తప్పని చూడగానే తెలుస్తుంది. సెన్సర్ "నా వైరు వదులైంది" అని స్పష్టంగా చెబుతుంటే, నేను దాన్ని తొమ్మిది మంచి రీడింగులతో కలిపి, నమ్మేలా ఉండే ఒక అబద్ధం తయారు చేశాను. తప్పు రీడింగుల్ని ముందు విడిగా రాసుకోండి, లెక్కపెట్టండి. మిగిలినవాటికి తర్వాత సగటు కట్టుకోండి.

ధవళేశ్వరం దగ్గర వరద వచ్చినప్పుడు ఏం చేస్తారో మీకు తెలుసు. గంటగంటకీ మట్టం రాస్తారు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ మట్టాలు వేళతో సహా విడివిడిగా ఉన్నాయి కాబట్టే కింద లంకల్లో ఉన్నవాళ్ళకి ఏ వేళకి నీళ్ళొస్తాయో చెప్పగలుగుతున్నారు. రోజు మొత్తానికి ఒక్క సగటు రాస్తే ఎవరికి పనికొస్తుంది?

మీ బోర్డు చేత కూడా అలాగే రాయించండి. ప్రింట్ చేయించడం తేలికే, కానీ ప్రింట్ ఊరికే రాదు. సెకనుకి 9600 బిట్ల వేగంలో ఒక్కో అక్షరానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. టైమింగ్ తప్పుల్ని ప్రింట్ పెట్టి వెతికితే ఆ ప్రింటే తప్పుని దాచేస్తుంది. అలాంటి చోట ఖాళీ పిన్ను ఒకటి పైకీ కిందికీ ఆడించి, చవకరకం లాజిక్ ఎనలైజర్‌తో చూడండి. ఇంటరప్ట్ లోపల, అంటే మిగతా పని ఆపి మధ్యలో నడిచే కోడ్‌లో, మాత్రం ప్రింట్ అసలు పెట్టకండి.

వాచ్‌డాగ్, అంటే ప్రోగ్రాం బిగుసుకుపోతే చిప్‌ని దానంతటదే రీసెట్ చేసే టైమర్, దాని గురించి అడుగుతారు. పెట్టండి, తప్పకుండా పెట్టండి. ఈ చిప్‌లో సుమారు 8 సెకన్ల దాకా పెట్టొచ్చు. కానీ వాచ్‌డాగ్ అంటే మన బదులు రీసెట్ నొక్కే వేలు. అది నొక్కే ప్రతిసారీ కారణం ఎక్కడో నిలవాలి. ఏటీమెగాలో ఎంసీయూఎస్ఆర్ అనే రిజిస్టర్ ఉంది. పవర్ వల్లా, రీసెట్ పిన్ను వల్లా, వోల్టేజీ పడిపోవడం వల్లా, వాచ్‌డాగ్ వల్లా అన్నది అందులో నాలుగు బిట్లు చెబుతాయి. ఆన్ కాగానే మొదట నడిచే బూట్‌లోడర్ మీ కోడ్ కంటే ముందే దాన్ని తుడిచేయొచ్చు, అది చూసుకోండి. ఈఎస్‌పీ32 అనే ఇంకో చిప్‌లో అయితే రీసెట్ కారణం చెప్పే ఫంక్షనే ఉంది. వచ్చిన కారణాన్ని, కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో రాసుకోండి, రీసెట్ అయినప్పుడు మాత్రమే. ఒక్కో గడి లక్షసార్లు రాయడానికే హామీ. సెకనుకోసారి రాస్తే 28 గంటల్లో లక్ష అయిపోతుంది.

1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ కొద్ది రోజులకే తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని ఒకటి ఉమ్మడి వనరుని పట్టుకుని ఉండగా, మధ్యరకం పని వచ్చి దాన్ని ఆపేసేది. ఆ వనరు కోసం అన్నిటికంటే ముఖ్యమైన పని ఎదురుచూస్తూ గడువు దాటిపోయేది. గడువు దాటిందని మొత్తం రీసెట్ అయ్యేది. ఇంజనీర్లు ఇక్కడ భూమ్మీద ఉన్న నమూనా మీద అదే పరిస్థితి రప్పించారు, ఏ పని ఎప్పుడు నడిచిందో చూపే ట్రేస్ చూసి కారణం పట్టుకున్నారు, ఒక సెట్టింగ్ మార్పుని అంగారకుడి మీదికి పంపి సరిచేశారు. నేను పాత కాంటాక్టర్‌ని టేబుల్ మీదికి తెచ్చుకోవడం, వాళ్ళు చేసింది ఒకటే పని. అది తెలిసిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది.

మన ఉప్పుగాలి గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నరసాపురం, అంతర్వేది వైపు పెట్టిన బోర్డుల మీద రాగి ఒక్క వర్షాకాలానికే పచ్చబడుతుంది. టంకం వేశాక ఫ్లక్స్ కడిగి, పైన తేమ తగలనివ్వని కన్ఫార్మల్ కోటింగ్ వేయండి. వైర్లు డబ్బా కిందనుంచే, వైరు చుట్టూ బిగుసుకునే గ్లాండ్‌లతో లోపలికి రానివ్వండి. చీమలు, బల్లులు దూరే కన్నాలు మూసేయండి. కాంటాక్టర్ పాయింట్ల మధ్య నలిగిన చీమల వల్ల మోటారు ఆగిన కేసులు నేనే మూడు చూశాను.

అదిగో, ఫోను మోగింది. విన్నారా? ఇంకొకటి. ఈ డబ్బాలో ఇవాళ పాత కోడే వేసి, కౌంటర్‌ని ఆఖరి 50 నిమిషాల దగ్గర మొదలుపెట్టాను. స్విచ్ వేసి ఇప్పటికి అరగంటైంది. ఇక ఇరవై నిమిషాలు ఇలా వస్తూనే ఉంటాయి. ముందు వరసలో తమ్ముడూ, నువ్వు రా. రీసెట్ వైపు చెయ్యి పెట్టకు. ఫోను తీసి ఆఖరి మెసేజ్‌లో సంఖ్య గట్టిగా చదువు.